చలి, ఎదురుగాలి, హాఫ్ మారథాన్: ఎవరి పేస్ వాళ్లదా, గుంపుగానా?

హాఫ్ మారథాన్ (21.1 కి.మీ.) రేసుకు ఇంకో మూడు రోజులుంది. మా క్లబ్ గ్రూపులో రెండు రోజులుగా ఒకటే చర్చ. ఆ రోజు పొద్దున 5 డిగ్రీలు, గంటకు 20 నుంచి 30 కి.మీ. గాలి ఉంటుందని సూచన. 30 కి.మీ. గాలిలో 5 డిగ్రీలంటే ఒంటికి తెలిసే చలి సున్నాతో సమానం. దారి నేరుగా పోయి, సగంలో మలుపు తిరిగి, అదే దారిన వెనక్కి వస్తుంది. పోయేటప్పుడంతా ఎదురుగాలే. కొందరు "ఎవరి పేస్ (కిలోమీటరుకు పట్టే సమయం) వాళ్లది" అంటున్నారు, కొందరు "అందరం కలిసే పోదాం" అంటున్నారు. ఇలాంటి వాతావరణంలో నేను రెండు రకాలుగానూ పరిగెత్తాను కాబట్టి నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను.

ఒంటరి పరుగులో మేలు లేదని అనను. చలిలో మన ఒంటికి వేడి పరుగు నుంచే పుడుతుంది. మన వేగంలో మనం పోతున్నంతసేపూ ఆ వేడి నిలుస్తుంది. ఎవరికోసమో బాగా తగ్గితే వేడి తగ్గుతుంది, చెమటకు తడిసిన బట్ట మీద గాలి తగిలి వణుకు పుడుతుంది. పైగా అడుగు లయ మనదే, నీళ్ల టేబుల్ దగ్గర తోపులాట ఉండదు. గాలి లేని రోజైతే నేనూ దీనికే ఓటేస్తాను.

గాలి ఉంటే లెక్క మారిపోతుంది. కిలోమీటరుకు 5 నిమిషాల పేస్ అంటే గంటకు 12 కి.మీ. గాలి లేనప్పుడు ఒంటికి ఎదురయ్యేది ఆ 12 మాత్రమే. 20 కి.మీ. ఎదురుగాలి ఉంటే 32 అవుతుంది. గాలి మనల్ని వెనక్కి నెట్టే బలం ఆ వేగానికి వర్గంగా పెరుగుతుంది. 12కు వర్గం 144, 32కు 1,024. అంటే ఏడు రెట్లు. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది కదా, చెల్లుకు చెల్లు అనుకుంటాం. కాదు. 20లో మన 12 పోగా వీపుకు తగిలేది 8, దాని వర్గం 64. పోయేటప్పుడు 1,024లో మామూలు 144 పోగా 880 అదనంగా మోస్తాం. వచ్చేటప్పుడు మామూలుగా ఉండే 144 భారం తప్పి, 64 తోపు దొరుకుతుంది, కలిపి 208. పోయినదాంట్లో నాలుగో వంతు కూడా తిరిగి రాదు.

మొదటిసారి పరిగెత్తినప్పుడు ఈ సంగతి నాకు తెలియదు. వాచీలో 5:00 కనబడాల్సిందేనని పట్టుబట్టి 10 కి.మీ. దూరం ఎదురుగాలిలో ఒక్కణ్నే లాక్కెళ్లాను. 14వ కిలోమీటరు దగ్గర తొడలు బిగుసుకుపోయాయి. పరుగు మధ్యలో శక్తి కోసం తినే జెల్ ప్యాకెట్ చించుదామంటే వేళ్లు వంగలేదు. పళ్లతో లాగితే సగం చొక్కా మీద పడింది. వెనకగాలి తోస్తున్నా నడవాల్సి వచ్చింది. నడక మొదలయ్యాకే అసలు చలి తెలిసింది.

గుంపు వల్ల లాభం ఎంతో లెక్కగట్టినవాళ్లున్నారు. 1953 ఎవరెస్ట్ యాత్ర బృందంలో ఉన్న బ్రిటిష్ శరీరధర్మ శాస్త్రవేత్త గ్రిఫిత్ ప్యూ, 1971లో తన ప్రయోగ ఫలితాలు ప్రచురించాడు. ముందున్న రన్నర్‌కు ఒక మీటరు వెనక పరిగెత్తితే గాలిని ఎదుర్కోవడానికి ఖర్చయ్యే శక్తిలో దాదాపు 80 శాతం మిగులుతుందని అందులో తేలింది. 2019 అక్టోబరు 12న వియన్నాలో కెన్యా రన్నర్ ఎలియుడ్ కిప్చోగే మారథాన్ దూరాన్ని 1:59:40లో ముగించినప్పుడు 41 మంది పేసర్లు (వేగం నిలబెట్టడానికి తోడు పరిగెత్తేవాళ్లు) వంతులవారీగా అతని చుట్టూ పరిగెత్తారు. పేసర్లు మధ్యలో మారడం లాంటి కారణాల వల్ల దాన్ని అధికారిక రికార్డుగా తీసుకోలేదు. మామూలు రేసులో అలా మధ్యలో కొత్త మనిషి వచ్చి చేరడం కుదరదు. కానీ మనతోపాటే మొదలుపెట్టిన రన్నర్ వెనక నిలబడటానికి ఏ అడ్డూ లేదు.

అలాగని పన్నెండు మందిమి ఒకే ముద్దగా పోదామంటే నేను ఒప్పుకోను. రెండోసారి మేం చేసిన పొరపాటు అదే. వెనకవాళ్లకు రోడ్డు కనబడదు, మడమలు తగులుకుంటాయి. ఎప్పుడూ ముందుండేది ఒకరిద్దరే, వాళ్లు ఎనిమిదో కిలోమీటరుకే అలిసిపోయారు. 5:00 వాళ్లకు చలి పుట్టింది, 6:00 వాళ్లకు ఊపిరి ఆడలేదు.

అందుకే నా ఓటు నలుగురేసి ఉండే చిన్న గుంపులకు. పేస్‌లో తేడా కిలోమీటరుకు పది పదిహేను సెకన్లకు మించని వాళ్లనే కలపాలి. ఒక్కొక్కరు ఒక కిలోమీటరు ముందుండి, పక్కకు జరిగి చివరికి వెళ్లాలి. నలుగురికీ సమాన వంతులు ఉండాలని పట్టుబట్టడం నాకు నచ్చదు. నాలుగో మనిషి బలహీనంగా ఉంటే అరకిలోమీటరు చాలు. అతన్ని అలసగొడితే గుంపు మొత్తం ఆగుతుంది.

సరైన చోట ఉన్నామో లేదో చెవే చెబుతుంది. ముందున్న వ్యక్తి వీపు వెనక్కి చేరగానే చెవుల్లో హోరు తగ్గిపోతుంది. తన అడుగుల చప్పుడు, ఊపిరి వినబడతాయి. మళ్లీ హోరు పెరిగిందంటే మనం పక్కకు జరిగామని లెక్క. గాలి పక్కనుంచి కొడుతుంటే వరసగా ఉండి లాభం లేదు. సైకిల్ రేసుల్లోలా, గాలి రాని వైపుకు కాస్త ఏటవాలుగా జరగాలి.

వాచీ వైపు మాత్రం చూడకూడదు. ఎదురుగాలిలో 5:15 వచ్చినా, 5:20 వచ్చినా పర్వాలేదు. రెండు మూడు మాటలు మాట్లాడగలిగేంత ఊపిరి మిగిలిందా అనేదే చూసుకోవాలి.

క్లబ్ పోటీ లెక్క కూడా ఇటే మొగ్గుతుంది. ప్రపంచ హాఫ్ మారథాన్ పోటీల్లో జట్టు ఫలితానికి ఒక దేశం నుంచి మొదటి ముగ్గురి టైములు కలుపుతారు. క్లబ్ పోటీల్లోనూ చాలాచోట్ల ముగ్గురివో నలుగురివో కలపడమే పద్ధతి. అలాంటప్పుడు ముందు మనిషి మిగిల్చిన నిమిషం, చివరి మనిషి మిగిల్చిన నిమిషం ఒకటే. ఎదురుగాలిలో మా నాలుగో రన్నర్‌ను విడిచిపెట్టి మొదటి ఇద్దరూ దూసుకెళ్తే, వాళ్లు సంపాదించినదానికంటే అతను పోగొట్టేదే ఎక్కువ.

2018 బోస్టన్ మారథాన్ నాకు మాటిమాటికీ గుర్తొస్తుంది. చలి, వాన, ఎదురుగాలి మూడూ కలిసిన రోజు. పేరున్న ఎలీట్ రన్నర్లు చాలామంది మధ్యలోనే తప్పుకున్నారు. డెజిరీ లిండెన్ తనకూ ఒంట్లో బాగా లేదని, తప్పుకుంటానేమోనని తోటి రన్నర్ షలేన్ ఫ్లానగన్‌తో చెప్పింది. ఫ్లానగన్ టాయిలెట్‌కు ఆగాల్సి వస్తే లిండెన్ వేగం తగ్గించి ఆగి, ఆమెను మళ్లీ ముందు గుంపు దాకా తీసుకెళ్లింది. చివరికి 2:39:54లో గెలిచింది లిండెనే. 33 ఏళ్ల తర్వాత ఆ రేసు గెలిచిన తొలి అమెరికన్ మహిళ. తోటి మనిషి కోసం తగ్గితే రేసు పోయినట్టేనని అనేవాళ్లకు నేను ఈ రేసే చూపిస్తాను.

బట్టల మీద కూడా వాదన నడుస్తోంది, జాకెట్టా, చేతులకు స్లీవ్సా అని. రెండు గంటల లోపు పరిగెత్తేవాళ్లకు ఒంటికి అంటుకునే పలచని ఫుల్ హ్యాండ్స్ టీషర్టు, గ్లవ్స్, చెవులు మూసే టోపీ చాలు. వదులు జాకెట్ తెరచాపలా ఉబ్బి గాలిని పట్టుకుంటుంది. అంతకంటే ఎక్కువసేపు పట్టేవాళ్లు, మధ్యమధ్యలో నడిచేవాళ్లు మాత్రం గాలి ఆపే పలచని జాకెట్ తప్పక వేసుకోవాలి. స్టార్ట్ దగ్గర నిలబడేటప్పుడు అందరూ ఒక పాత స్వెట్టరు వేసుకోండి. ఎవరికైనా వణుకు ఆగకపోయినా, మాట తడబడినా, అడుగు తూలినా గుంపు, టైము అన్నీ పక్కనపెట్టి వాళ్లను మెడికల్ టెంట్‌కు తీసుకెళ్లాలి. ఇందులో బేరం లేదు.

ఇక మలుపు దాటాక గుంపు అక్కర్లేదు. వెనకగాలిలో ఒకరి వెనక ఒకరు ఉంటే లాభం లేదు, కాళ్లలో మిగిలింది ఎవరికి వాళ్లు వాడుకోవచ్చు. ఒంటరి పరుగు మేలు అక్కడ పూర్తిగా పనికొస్తుంది.

నిన్న రాత్రి మా గుంపులో చిన్నవాడు ఫోన్ చేశాడు. "అన్నా, మలుపు దగ్గర కోన్ తిరగగానే నేను వెళ్లిపోనా?"

"వెళ్లు. అక్కడిదాకా మాత్రం నా వీపు వెనకే ఉండు. ఏడో కిలోమీటరు నీ వంతు."