అద్దాల బడా, వరండాల బడా: పిల్లలకు ఏది మేలు?

నవంబరు వచ్చిందంటే చాలు, బెంగళూరు మారతహళ్లిలోని మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "అక్కా, పాపను ఏ స్కూల్లో వేశారు? ఎందుకు?" ఫీజులు, సిలబస్‌ల సంగతి అందరికీ తెలిసిందే. పోయిన ఏడాది మేము రెండు బడుల మధ్య నెల రోజులు ఊగిసలాడాం. చివరికి తేల్చింది మాత్రం, నిప్పంటుకుంటే పిల్లలు ఎటునుంచి బయటపడతారన్న విషయమే.

ఒకటి ఐదంతస్తుల అద్దాల భవనం: సెంట్రల్ ఏసీ, స్ప్రింక్లర్లు, పొగను పసిగట్టే డిటెక్టర్లు. రెండోది మూడంతస్తుల పాత కట్టడం. తరగతుల ముందు పొడవాటి వరండా, రెండు చివర్లా ఆరుబయటి మెట్లు. మెట్లకు నేషనల్ బిల్డింగ్ కోడ్ అడిగే మీటరున్నర వెడల్పు రెండు చోట్లా ఉంది.

సామగ్రి చూస్తే అద్దాల బడే మేలు, అందులో అనుమానం లేదు. స్ప్రింక్లర్లు సినిమాల్లోలా అన్నీ ఒకేసారి కురవవు. మామూలు రకమైతే దాదాపు 68 డిగ్రీల వేడి తగిలినప్పుడు దాని చిన్న గాజు గొట్టం పగిలి, అక్కడ మాత్రమే నీళ్లు పడతాయి. చాలాసార్లు మంట పెద్దది కాకముందే అణిగిపోతుంది. పాత బడిలో గోడకు తగిలించిన సిలిండర్లు, ఇసుక బకెట్లు, అంతే.

కానీ ఇలాంటి ప్రమాదాల్లో ఎక్కువమందిని చంపేది మంట కాదు, పొగ. మన ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులోని కార్ల్‌టన్ టవర్స్ అనే ఆఫీసు భవనాన్నే తీసుకోండి. 2010 ఫిబ్రవరి 23న అక్కడ 9 మంది పోయారు. పొగ భవనాన్ని కమ్మేస్తే, ఊపిరాడక అద్దాలు పగలగొట్టుకుని కిందికి దూకినవాళ్లున్నారు. 1958లో అమెరికాలోని షికాగోలో ఒక బడి మెట్ల అడుగున నిప్పు రాజుకుంది. ఆ మెట్లదారే పొగగొట్టమై పొగనంతా పై కారిడార్‌లోకి తోసింది. తరగతుల్లోంచి బయటికి రాలేక 92 మంది పిల్లలు, ముగ్గురు నన్‌లు చనిపోయారు. అందుకే నాలుగు వైపులా మూసిన భవనంలో మెట్లకు తలుపులుండాలి, అవి ఎప్పుడూ మూసి ఉండాలి, తాళం మాత్రం పడకూడదు.

అద్దాల బడిలో ఆ తలుపులు ఉన్నాయి, బరువైనవి, మంచివి. మూడో అంతస్తులో ఒకదాని కింద చెక్కముక్క దోపి బార్లా తెరిచి పెట్టారు. కింది అంతస్తులో హ్యాండిల్‌ను పాత చున్నీతో కిటికీ ఊచకు కట్టేశారు. "పిల్లల వేళ్లు నలుగుతాయి మేడమ్" అంది ఆయా. ఆమె భయం నిజమే. కానీ తలుపు అలా తెరిచి ఉంటే పొగ నేరుగా మెట్లలోకే వస్తుంది. అలాంటి భవనం కాపాడాలంటే ప్రతి తలుపూ, ప్రతి పంపూ, ప్రతి డిటెక్టరూ రోజూ సరిగ్గా ఉండాలి.

వరండా బడిలో పొగ బయటికే పోతుంది. పిల్లలు గడప దాటితే చాలు, బయటి గాలిలో ఉంటారు. అలాగని అక్కడ లోపం లేదని కాదు. రెండో మెట్ల దగ్గర కొలాప్సిబుల్ గేటు, దానికి తాళం. చెవి వాచ్‌మన్ దగ్గర, ఆయన భోజనానికి వెళ్లాడు. గేటు వెనక విరిగిన బెంచీలు, స్పోర్ట్స్ డే జెండాల మూట. తమిళనాడులోని కుంభకోణం ఊళ్లో 2004 జూలై 16న 94 మంది పసివాళ్లు కాలిపోయిన బడి కళ్లముందు మెదిలింది. అక్కడా పిల్లలు దిగడానికి ఉన్నది ఇరుకైన మెట్లదారే.

రెండు చోట్లా ప్రిన్సిపాళ్లకు రాసిచ్చాను. అద్దాల బడివాళ్లు "చూస్తాం" అన్నారు. వరండా బడిలో వారం తిరక్కుండా ఆ గేటే ఊడదీయించారు. ఒక్కసారి చేస్తే అయిపోయే పని అది. నన్ను అటు మొగ్గేలా చేసింది అదే.

తర్వాత అక్కడ డ్రిల్ కూడా చూశాను. పీటీ సార్ ఒక మెట్లదారికి ఎర్రగుడ్డ అడ్డం కట్టి "ఇటు పొగ ఉంది" అన్నారు. రెండో తరగతి పిల్లలు ముందువాళ్ల భుజం పట్టుకుని మెల్లగా అటువైపు మెట్లకు తిరిగారు. వెనకాల హాజరు పట్టీతో టీచర్. మైదానంలో పేర్లు పిలిచి లెక్క చూసుకున్నాకే లోపలికి పంపారు. అద్దాల బడిలో డ్రిల్ సంగతి ముందే సర్క్యులర్‌లో వస్తుంది, అందరూ రోజూ దిగే మెట్లే దిగుతారు.

ఇళ్లను మార్చి నడిపే ప్లేస్కూళ్ల గురించీ అడుగుతున్నారు. ఒకటే తలుపు, కిటికీలన్నిటికీ గ్రిల్స్, పక్కనే గ్యాస్ పొయ్యి ఉంటే నేనైతే చేర్చను.

బడి చూడ్డానికి ఆదివారం వెళ్లకండి. మామూలు రోజు పదకొండు గంటలకు వెళ్లి, "రెండో మెట్ల మీదుగా దిగుతాం" అనండి. తాళంచెవి కోసం ఎవరైనా వెతకాల్సి వస్తే, దొరికేదాకా ఎంతసేపు పట్టిందో ఫోన్లో చూసుకోండి.