సిల్వర్ షార్కా, మిస్ కేరళా?

మా బరంపురంలో కొత్తగా అక్వేరియం పెట్టేవాళ్లు చాలామంది ముందు అడిగేది సిల్వర్ షార్క్ పిల్లల్నే. వేలెడంత ఉండి తళతళలాడతాయి మరి! పేరుకే షార్క్, నిజానికి మన బొచ్చె, శీలావతిల కుటుంబం. ఆ వేలెడు పిల్లే అడుగు దాకా పెరుగుతుంది. నాలుగడుగుల తొట్టిలో ఇలా తోక ఆడించేసరికి అలా అద్దం అడ్డొస్తుంది. బెదిరితే ముక్కు గుద్దుకుంటుంది, మూత లేకుంటే బయటికి ఎగిరిపడుతుంది. నా మొదటి చేప అలాగే పోయింది. తెల్లారి నేల మీద చూశాను. ఇప్పటికీ బాధే. పైగా ఈ రకం చేప ఒంటరిగా ఉండలేదు, ఐదారు కావాలి. అంటే ఎనిమిదడుగుల తొట్టి.

మిస్ కేరళ అనే చేపదీ గుంపు బతుకే, ఈతలోనూ తీసిపోదు. కానీ ఆరంగుళాలు దాటదు. 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టిలో సుమారు 250 లీటర్లు పడతాయి. ఆరు చేపలకు చాలు. చిక్కల్లా వేడితోనే. పడమటి కనుమల చల్లటి ఏటి చేప, 25 డిగ్రీలు దాటితే ఇబ్బంది పడుతుంది. మా మే నెల ఎండల్లో నీటిపైకి ఫ్యాను, గట్టి ఫిల్టరు తప్పవు. అడవి వాగుల్లో ఇది అంతరించే ప్రమాదంలో ఉంది కాబట్టి హేచరీలో పుట్టిన పిల్లల్నే అడగండి. ఆ ఫ్యాను ఖర్చు భరిస్తాను గానీ, సిల్వర్ షార్క్‌ని మళ్లీ ఇరుకులో పెట్టను.