ముతక రాగి, జింకు రేణువులకు ఏ సెల్?

రుబ్బిన ఖనిజాన్ని నీటిలో గాలి బుడగలకు అంటించి తేల్చే తొట్టే ఫ్లోటేషన్ సెల్. అందులో 150 మైక్రాన్లు దాటిన రేణువులు టెయిలింగ్స్‌లోకి (పారబోసే వ్యర్థంలోకి) పోతున్నాయా? ఇంకా మెత్తగా రుబ్బి మామూలు సెల్‌లోనే తేల్చవచ్చు, లేదా ఫ్లూయిడైజ్డ్ బెడ్ సెల్ (కింది నుంచి వచ్చే నీటితో రేణువుల పొరను వదులుగా లేపి ఉంచేది) పెట్టవచ్చు.

పనితీరు: మామూలు సెల్‌లో కలియబెట్టే రోటర్ సుడికి బరువైన రేణువు బుడగను వదిలేస్తుంది. నురగ దాకా వచ్చినా అక్కడినుంచి జారిపోతుంది. ఫ్లూయిడైజ్డ్ బెడ్‌లో రోటర్ లేదు, మందపాటి నురగా లేదు. కింది నుంచి గాలి బుడగలతో వచ్చే నీరు రేణువును లేపుతుంది. దాని ఒంటిమీద చాల్కోపైరైట్ (రాగి ఖనిజం) కాస్త బయటపడి ఉన్నా చాలు, బుడగ అంటుకుని పైకొచ్చేస్తుంది. నాకు బాగా నచ్చేది ఇదే.

ఖర్చు: మొదటిదానికి మిల్లు కరెంటు. రెండోదానికి కొత్త యంత్రాలు, బోలెడు నీరు.

శ్రమ: రెండోదానికి ముందే బురద తీసి, సైజులవారీగా వేరుచేయాలి. వచ్చిన కాన్సంట్రేట్ (తేల్చి తీసిన సరుకు) గ్రేడ్, అంటే అందులో లోహం పాలు, తక్కువ; మళ్లీ రుబ్బక తప్పదు.

రిస్క్: అతిగా రుబ్బితే స్లైమ్స్ (తేల్చడం కష్టమైన అతి సన్నని బురద). ఫీడ్ సైజు అటూఇటూ అయితే బెడ్ చెదురుతుంది.

తక్కువ గ్రేడ్ రాగి, భారీ టన్నేజీ ఉంటే ఫ్లూయిడైజ్డ్ బెడ్ వైపే వెళ్లండి. ఆస్ట్రేలియాలోని కాడియా గనిలో టెయిలింగ్స్ మీద పెట్టింది ఇదే. సీసంతో సన్నగా పెనవేసుకున్న జింకు ఖనిజమైతే మెత్తగా రుబ్బడమే మేలు. స్ఫాలరైట్‌ను (జింకు ఖనిజాన్ని) కాపర్ సల్ఫేట్‌తో ఎంత యాక్టివేట్ చేసినా (తేలేలా చేసినా), విడిపోని సీసం దాని వెంటే వస్తుంది.