జెర్మాట్ ఎప్పుడు వెళ్లాలి: రెండు కాలాలూ చూశాక

స్కీయింగ్ చేసే ఉద్దేశం లేకపోతే స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్‌కి జులై రెండో వారం నుంచి సెప్టెంబరు నెలాఖరులోపు వెళ్లండి. రెండు కాలాల్లోనూ పలుమార్లు చూసిన మీదట చెబుతున్న మాట. మన బడుల వేసవి సెలవులే వాళ్ల వేసవి అనుకుని మే నెలలో టికెట్లు కొనేయడమే పెద్ద పొరపాటు.

ఊరు 1,608 మీటర్ల ఎత్తున, లోయ చివర ఉంది. మామూలు కార్లు రానివ్వరు. దానికి ముందు ఊరైన టాష్‌లో కారు పెట్టి, 20 నిమిషాలకొకటి ఉండే రైలెక్కితే 12 నిమిషాల ప్రయాణం. ఊళ్లో తిరిగేవి చిన్న కరెంటు బండ్లు. చప్పుడు లేకుండా వెనక నుంచి వచ్చేస్తాయి, పిల్లల చెయ్యి వదలకండి.

చలికాలంలో అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది స్కీ బూటు. అద్దె షాపులో తొడుక్కుని నిటారుగా నిలబడితే కాలివేళ్లు ముందు భాగానికి తగీ తగలనట్టుండాలి. మోకాళ్లు వంచితే వేళ్లు వెనక్కి జరగాలి, మడమ మాత్రం లేవకూడదు. చలి కదా అని రెండు జతల మేజోళ్లు వేసుకుంటారు. ఆ బిగుతుకి రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి, మడతలు పడ్డచోట చర్మం ఒరుసుకుపోతుంది. మోకాలి దాకా వచ్చే పల్చని ఊలు మేజోళ్లు ఒక్క జత చాలు. ప్యాంటు అంచు కూడా బూటులోకి దూరకూడదు.

కొత్తగా నేర్చుకునేవాళ్లు సొరంగంలో నడిచే రైలులో సునెగ్గాకి వెళ్లాలి. అక్కడ పిల్లలకీ కొత్తవాళ్లకీ వేరే మైదానం ఉంది. ఇటలీ వైపు చెర్వీనియా కూడా కలిపిన పాసు తొందరపడి కొనకండి. గాలి పెరిగితే కనుమ మీది లిఫ్టులు (తీగల మీద మనుషుల్ని పైకి తీసుకెళ్లేవి) ఆపేస్తారు. అటు చిక్కుకుంటే రోడ్డున చుట్టి రావడానికి గంటలు పడుతుంది. వెళ్లినా మధ్యాహ్నం రెండింటికల్లా ఇటు తిరగండి. స్కీ చెయ్యనివాళ్లకి గోర్నర్‌గ్రాట్ కొండ రైలు స్టేషన్లయిన రోటెన్‌బోడెన్ నుంచి రిఫెల్‌బెర్గ్ దాకా స్లెడ్జి (మంచు మీద జారే బండి) దారి బాగుంటుంది.

వేసవి సంగతి వేరు. 1898 నుంచి నడుస్తున్న గోర్నర్‌గ్రాట్ రైలు 33 నిమిషాల్లో 3,089 మీటర్ల ఎత్తుకి చేరుస్తుంది. అందరూ నేరుగా పైకి పోతారు. మీరు పొద్దున్నే తొలి రైళ్లలో ఒకటి పట్టుకుని రోటెన్‌బోడెన్‌లో దిగి, పది నిమిషాలు కిందికి నడవండి. రిఫెల్‌జే అనే చిన్న చెరువు ఉంటుంది. గాలి లేవకముందు నీళ్లు అద్దంలా ఉండి, 4,478 మీటర్ల మాటర్‌హార్న్ శిఖరం మొత్తం తలకిందులుగా కనిపిస్తుంది. కాస్త పొద్దెక్కి గాలి ఆడితే ఆ బొమ్మ చెదిరిపోతుంది, శిఖరానికి మబ్బు కూడా పట్టుకుంటుంది. అది చూశాక తర్వాతి రైల్లో పైకి వెళ్లవచ్చు. స్విస్ ట్రావెల్ పాసు ఉంటే ఈ రైలుకి సగం టికెట్టే.

సునెగ్గా పైనున్న లిఫ్టు స్టేషన్ బ్లావ్‌హెర్డ్ నుంచి అయిదు చెరువుల దారి సుమారు 10 కిలోమీటర్లు. దారిలోని పసుపు బోర్డుల మీద రాసిన నడక సమయంలో మధ్యలో ఆగేదీ, ఫొటోలు తీసుకునేదీ కలపరు. దానికి సగం కలిపి లెక్క వేసుకోండి. కేబుల్ కారులో చేరే 3,883 మీటర్ల గ్లేసియర్ ప్యారడైజ్‌ని మొదటిరోజు పెట్టుకోవద్దు. గాలి పీడనం సముద్ర మట్టంలో ఉన్నదానికి మూడింట రెండు వంతులు కూడా ఉండదు, తలనొప్పి రావచ్చు. జులైలోనూ మందపాటి జాకెట్టు కావాలి.

వంటగది ఉన్న గది తీసుకునేవాళ్లకి ఒక మాట. జెర్మాట్ ఊరి ఎత్తులో నీళ్లు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కుక్కరు లేకుండా కందిపప్పు మెత్తబడడానికి చాలాసేపు పడుతుంది. పెసరపప్పు తీసుకెళ్లండి, ఉడికిపోతుంది.

ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదటి సగం దాకా చాలా హోటళ్లు మూసేస్తారు, కొన్ని లిఫ్టులు మరమ్మతుల్లో ఉంటాయి, చెరువుల దారుల్లో ఇంకా మంచు కరుగుతూ ఉంటుంది. అక్టోబరు చివర, నవంబరులోనూ ఇంచుమించు ఇంతే. సెలవులు మే నెలలో తప్ప దొరకవంటే బస కింద లోయలోని విస్ప్ అనే ఊళ్లో పెట్టుకోండి. అక్కడి నుంచి రైలులో గంటా పది నిమిషాలు. పొద్దున స్టేషన్ తెరల మీద శిఖరం లైవ్ కెమెరా చూసి, మబ్బు లేకపోతేనే గోర్నర్‌గ్రాట్ టికెట్టు కొనండి. ఒక్క రోజు చాలు.