ఒస్తూని వెళ్ళండి, బస మాత్రం కొండ కింద తీసుకోండి

రాత్రికి 138 యూరోలు. దక్షిణ ఇటలీలోని ఒస్తూనిలో కిటికీ కూడా లేని గదికి మేము కట్టిన అద్దె అది. బుకింగ్ సైటు ఫొటోల్లో మేడ మీద బల్ల, కుర్చీలు, వెనకాల నీలంగా సముద్రం ఉన్నాయి. తలుపు తీసి చూస్తే వీధి కంటే కిందికి దిగే రాతి గది, చెమ్మెక్కిన గోడలు, ఊపిరాడనివ్వని బూజు వాసన. ఊరి మీద నాకు ఏ కోపమూ లేదు. ఇటలీలో నేను చూసిన ఊళ్ళలో ఇంత అందమైనది ఇంకోటి లేదు. కోపమంతా ఆ బస మీదే. మనవాళ్ళెవరైనా అమ్మానాన్నలను తీసుకుని వెళ్తే వాళ్ళకు ఇలా జరగకూడదని ఇది రాస్తున్నాను.

మేము ఉండేది జర్మనీలో. తెనాలి నుంచి అమ్మా నాన్నా వచ్చారు. నాన్నకు మోకాళ్ళ నొప్పులు, అమ్మ గుడ్డు కూడా ముట్టదు. ఈ రెండూ ఆలోచించుకునే, ఎండలు తగ్గాక సెప్టెంబరు చివర్లో, విమానాశ్రయం ఉన్న బారీ నగరానికి టికెట్లు తీశాం. అద్దె కారు రోజుకు 43 యూరోలు, ఇన్సూరెన్స్ విడిగా 12. బారీ నుంచి ఒస్తూనికి దాదాపు 80 కిలోమీటర్లు, మంచి రోడ్డు, టోల్ లేదు. దారి పొడవునా ఎర్రమట్టి, అందులో బోదెలు మెలితిరిగిన ఆలివ్ చెట్లు. ఊరు ఇంకాస్త దూరం ఉందనగా కొండంతా తెల్లగా కనిపించేసరికి నాన్న కారు ఆపమన్నారు. దిగి చాలాసేపు చూశారు. ఆ రోజు ఆయన సంతోషంగా ఉన్నది అంతవరకే.

ఇటలీలో పాత ఊళ్ళ నడిబొడ్డులోకి బయటి బండ్లు రాకుండా జెడ్‌టీఎల్ అనే నిషేధ ప్రాంతం ఉంటుంది. ఎర్ర వలయం గీసిన తెల్ల బోర్డు, పైన కెమెరా. దాటామా, నంబరు ప్లేటు ఫొటో పడుతుంది, నెలల తర్వాత జరిమానా ఇంటికొస్తుంది. మన వివరాలు పోలీసులకు ఇచ్చినందుకు అద్దె కారు కంపెనీ కూడా విడిగా చార్జి వేస్తుంది. ఇవన్నీ తెలిసిన ఆ గది యజమాని మాకు పెట్టిన మెసేజ్: "తలుపు దాకా కారులో వచ్చేయండి, ఏం కాదు." మావారు బోర్డు చూసి బండి ఆపేశారు. అక్కడే ఉన్న మునిసిపల్ పోలీసావిడ మా ఫోన్‌లో ఆ మెసేజ్ చదివి, లోపలికి రావాలంటే యజమాని ముందుగా మీ కారు నంబరు నమోదు చేయించాలి అని చెప్పింది. ఫోన్ చేసి అడిగితే చేయించలేదన్నాడు. ఆవిడే ఓపిగ్గా పార్కింగ్ ఎక్కడుందో చూపించింది. నీలం గీతలుంటే డబ్బు కట్టాలి, తెల్ల గీతలైతే ఉచితం, పసుపు గీతల జోలికి పోవద్దు. ఆవిడ లేకపోతే ఇంకో వంద యూరోలు పోయేవి.

ప్రకటనలో 'ఐదు నిమిషాల నడక' అని ఉంది. రెండు పెద్ద పెట్టెలు మోసుకుంటూ, అరిగి నున్నబడిన రాతి మెట్ల మీద నాన్నను పట్టుకుని ఎక్కేసరికి అరగంట పట్టింది. యజమాని రాలేదు, తాళాలతో ఒకమ్మాయి వచ్చింది. మేడ ఎక్కడ అని అడిగితే అది పైన అద్దెకున్నవాళ్ళదని చెప్పింది. గదిలో తేమ లాగే మెషీన్ ఒకటి రాత్రీ పగలూ మోగుతూనే ఉంది, ఆపితే దుప్పట్లు తడి తడిగా అయిపోతాయట. ఆ తర్వాత క్లీనింగ్ కింద 50 యూరోలు నగదు ఇమ్మంది. మా బిల్లులో క్లీనింగ్ 45 యూరోలు అప్పటికే కట్టి ఉంది! రసీదు ఇస్తే ఇస్తామని మావారు గట్టిగా నిలబడ్డారు. ఫోన్‌లో యజమాని, ఎదురుగా ఆ అమ్మాయి, మధ్యలో అనువాదం యాప్. అమ్మ సందులో పెట్టె మీద కూర్చుండిపోయింది. "డబ్బు పోతే పోయింది, గొడవొద్దమ్మా" అని నాన్న అంటుంటే నాకు ఇంకా బాధేసింది. ఆయన అంత దూరం నుంచి వచ్చింది ఇందుకా! ఆ 50 మాత్రం ఇవ్వలేదు.

అమ్మ తెల్లవార్లూ దగ్గుతూనే ఉంది. పొద్దున్నే ఖాళీ చేసేశాం. సైటుకు ఫొటోలన్నీ పంపి వాదించగా వాదించగా రెండో రాత్రి అద్దె వెనక్కి వచ్చింది. మొదటి రాత్రి 138, క్లీనింగ్ 45 పోయినట్టే. 2025 నుంచి ఇటలీలో యాత్రికులకు అద్దెకిచ్చే ప్రతి ఇంటికీ సీఐఎన్ అనే జాతీయ నంబరు తప్పనిసరి. అది ప్రకటనలోనూ ఉండాలి, ఇంటి బయటా కనిపించాలి. మా గది తలుపు మీద లేదు. బుక్ చేసే ముందు ఆ నంబరు చూసుకోండి. గది ఏ అంతస్తు, కిటికీ ఎటు తెరుచుకుంటుంది, కారు ఎక్కడ ఆపాలి, అక్కడి నుంచి ఎన్ని మెట్లు అని మెసేజ్‌లో అడిగి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. పాత ఊళ్ళో కింది అంతస్తు గదులు చాలావరకు ఒకప్పటి కొట్లు, పశువుల కొట్టాలు. ఎండాకాలంలో చల్లగా ఉంటాయి, కాదనను. వయసు మళ్ళినవాళ్ళకు మాత్రం వద్దే వద్దు.

తర్వాత దిగింది కొండ కింద, లిబెర్తా చౌకు దగ్గరలో ఒక కుటుంబం నడుపుకునే చిన్న హోటల్లో. లిఫ్ట్ ఉంది. గది 92 యూరోల చొప్పున రెండు గదులకు 184, టిఫిన్‌తో కలిపి. టూరిస్ట్ టాక్స్ విడిగా తీసుకున్నారు, రసీదు ఇచ్చారు. 46 యూరోలు ఎక్కువైనా కిటికీ తెరిస్తే ఆలివ్ తోటలు, వాటి చివర ఏడ్రియాటిక్ సముద్రం. అమ్మ గుడ్డు తినదని చెబితే ఆ పెద్దావిడ మర్నాడు టమాటాలు, ఆలివ్‌లు అద్దిన ఫొకాచ్చా రొట్టె, అత్తిపళ్ళు విడిగా పళ్ళెంలో పెట్టి తెచ్చింది. నాన్న మొహంలో నవ్వు అక్కడ తిరిగొచ్చింది.

ఇక ఊరు. పొద్దున తొమ్మిదిలోపు చూడాలి. పదయ్యాక గైడు వెనక నడిచే గుంపులతో వియా కత్తెద్రాలె సందు నిండిపోతుంది. చౌకులో 1771లో నిలబెట్టిన సంత్ ఒరోంజో స్తంభం ఉంది. ప్లేగు నుంచి ఊరిని కాపాడిన పునీతుడని అక్కడివాళ్ళ నమ్మకం. ఆగస్టు చివర్లో ఆయన పేరిట గుర్రాల ఊరేగింపు చేస్తారు. ఇళ్ళకు వేసే వెల్లకు కూడా ప్లేగు కథే చెబుతారు: 17వ శతాబ్దంలో రోగం పాకకుండా గోడలకు సున్నం కొట్టేవారట. కొండ నేలంతా సున్నపురాయే కాబట్టి సున్నానికి కొదవ లేదు. పైగా ఇరుకు సందుల్లోకి వెలుగు రావడానికి, ఎండ వేడి తగలకుండా ఉండడానికి తెలుపే దారి. మధ్యాహ్నం ఆ సందుల్లో నడుస్తుంటే కళ్ళు జిగేల్మంటాయి, చలవ కళ్ళద్దాలు మరిచిపోవద్దు.

కొండ కొసన 15వ శతాబ్దపు కతీడ్రల్. ముఖద్వారం మీది గుండ్రటి రాతి కిటికీ కోసమే పైకి ఎక్కాలి. నడుమ క్రీస్తు, చుట్టూ 24 రాతి ఆకులతో చక్రం. ఊరంతా తెలుపైతే ఈ గుడిది తేనె రంగు రాయి. నాన్న ఎక్కలేరని కింద చౌకులో ఆటో మాట్లాడాం. మన దగ్గర తిరిగే ఆపె ఆటోలు ఇటలీ కంపెనీవే కదా, అక్కడ వాటికి రంగులు వేసి యాత్రికులను తిప్పుతారు. అరగంటకు 50 అడిగి 40కి ఒప్పుకున్నాడు. గుడి దాకా తీసుకెళ్ళి, తర్వాత ఊరంతా బయటి నుంచి కనిపించే రోడ్డు మీద ఆపాడు. ఒస్తూని అసలు అందం అక్కడి నుంచే. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ఆ 40 యూరోలు తప్పక పెట్టండి.

గుడికి వెళ్ళే దారిలోనే, ఒకప్పటి కార్మెలైట్ సన్యాసినుల మఠంలో చిన్న మ్యూజియం ఉంది. చాలామంది చూడకుండానే పైకి పోతారు. ఊరి దగ్గరి అన్యానో గుహలో 1991లో ఒక స్త్రీ అస్థిపంజరం దొరికింది, దాదాపు 28,000 ఏళ్ళ నాటిది. నిండు గర్భిణి. వయసు ఇరవై ఏళ్ళ లోపో, అటూ ఇటూనో. కడుపులో శిశువు ఎముకలు అలాగే ఉన్నాయి. తలకు చిన్న చిన్న గవ్వలతో అల్లిన టోపీ పెట్టి, ఒక చెయ్యి పొట్ట మీద ఉంచి పడుకోబెట్టారు. దేలియా అని పేరు పెట్టుకున్నారు. "ఎంత ప్రేమగా సాగనంపారో చూడవే" అని అమ్మ అక్కడి నుంచి కదల్లేదు. యాత్ర మొత్తంలో అమ్మ ఇప్పటికీ ఫోన్‌లో అందరికీ చెబుతున్నది ఈ సంగతే.

తిండి గురించి నాకు చాలా టెన్షన్ ఉండేది, అనవసరమని తేలింది. ఫావె ఎ చికోరియా అని ఒక వంటకం ఉంది. పొట్టు తీసిన ఎండు బాకలా (ఫావా చిక్కుడు) గింజలను మెత్తగా ఉడికించి, ఆలివ్ నూనె పోసి, పక్కన చేదు ఆకుకూర వేస్తారు. మాంసం లేదు, పాలు లేవు, గుడ్డు లేదు. అమ్మ మొదటి ముద్దకే "ఇది మన ముద్దపప్పు, ఆకుకూర వేపుడేనే అమ్మాయ్" అంది. తను తెచ్చుకున్న కందిపొడి కాస్త చల్లుకుని రెండు పూటలా అదే తినింది. చెవుల్లా ఉండే ఒరెక్కియెత్తె పాస్తా కూడా రవ్వ, నీళ్ళు కలిపి చేసేదే, గుడ్డు ఉండదు. కానీ చీమె ది రాపా అనే ఆకుకూరతో తెస్తే అందులో తరచుగా చిన్న చేపలు వేస్తారు. ఆర్డర్ ఇచ్చేటప్పుడే 'సెంజా అచ్చూగె' (ఆ చేపలు లేకుండా) అనండి, లేదా టమాటాతో చేసింది తీసుకోండి. మా నలుగురి బిల్లు: ఫావె రెండు 20, పాస్తా రెండు 24, కాల్చిన కూరగాయలు 7, నీళ్ళు 6, కూర్చున్నందుకు తలా 2.50 చొప్పున 10. మొత్తం 67 యూరోలు. కూర్చున్నందుకు తీసుకునేది మోసం కాదు, మెనూలో రాసే ఉంటుంది. రాత్రి భోజనం ఏడున్నర లోపు దొరకదు. ఏడింటికే తినే పెద్దవాళ్ళకు ఐదారు గంటల మధ్య బేకరీలో ఫొకాచ్చా కొనిపెట్టుకోండి. మధ్యాహ్నం ఒంటి గంట నుంచి సాయంత్రం దాకా చాలా కొట్లు మూసే ఉంటాయి.

పక్క ఊళ్ళకూ వెళ్ళాం. అల్బెరొబెల్లోలో శంఖాకారపు రాతి కప్పుల ఇళ్ళు, 1996 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నవి, చూశాం. చాలా ఇళ్ళు యాత్రికులకు సామాన్లు అమ్మే కొట్లే. లోకొరొతొందో అనే ఊరు ప్రశాంతంగా ఉంది, కాఫీ 1.30 యూరోలు.

లేచ్చె నగరం వైపు కారులో వెళ్తున్నప్పుడు మాత్రం మనసు పాడైంది. కిలోమీటర్ల తరబడి ఆలివ్ చెట్లు నిలువునా ఎండిపోయి బూడిద రంగులో ఉన్నాయి. జైలెల్లా అనే బాక్టీరియా, 2013లో బయటపడింది, పురుగుల ద్వారా చెట్టు నుంచి చెట్టుకు పాకుతుంది. వ్యవసాయం చేసిన మనిషి కావడంతో నాన్న ఆ దారంతా మాట్లాడలేదు. ఒస్తూని కింది మైదానంలో వందల ఏళ్ళ నాటి చెట్లు మేము వెళ్ళినప్పుడు ఇంకా పచ్చగానే కనిపించాయి. వాటిని కొట్టేయకుండా 2007లో అక్కడి ప్రాంతీయ ప్రభుత్వం చట్టం చేసింది. వెళ్ళినవాళ్ళు ఆ తోటల్లో ఒక గంటైనా తిరగండి. నూనె కొనేదుంటే సావనీరు కొట్లలో చిన్న సీసాలు వద్దు, తోట దగ్గరి గానుగలో కొనండి. మాకు ఐదు లీటర్ల డబ్బా 55 యూరోలకు ఇచ్చారు. చెక్-ఇన్ బ్యాగు తీసుకుని ఉంటేనే కొనండి, క్యాబిన్‌లోకి రానివ్వరు.