వాన లెక్కకు ఏది: మామూలు గేజా, ఆటోమేటిక్‌దా?

ఖర్చు: వాన కొలిచే మామూలు గేజ్ అంటే గరాటు, సీసా, కొలగ్లాసు. అంతే. ఆటోమేటిక్‌కి సెన్సర్, బ్యాటరీ, డేటా లాగర్ (అంకెలు దాచిపెట్టే పరికరం) కావాలి. కొన్నాక కూడా ఖర్చు ఆగదు.

శ్రమ: మామూలుదాని దగ్గరికి రోజూ ఉదయం 8:30కి మనిషి వెళ్లాలి. వాతావరణ శాఖ 24 గంటల లెక్క ఆ వేళకే ముగుస్తుంది. ఆదివారమని మానేస్తే రెండు రోజుల వాన కలిసిపోతుంది. ఆటోమేటిక్ అయితే తనే రాసుకుంటుంది.

తప్పులు: అసలు తేడా ఇక్కడే. ఆటోమేటిక్ గేజుల్లో టిప్పింగ్ బకెట్ అనే రకంలో తక్కెడలా ఊగే చిన్న తొట్లు రెండుంటాయి. ఏ 0.2 మి.మీ. వానకో ఒకటి నిండి ఒరుగుతుంది, లెక్క పడుతుంది. తుపాను వానలో తొట్టి ఒరుగుతుండగా పడ్డ నీళ్లు లెక్కకు రావు. అందుకే తక్కువ చూపిస్తుంది. దాని గరాటులో వేపాకు అడ్డం పడిందా, కుండపోతలోనూ అంకె కదలదు! మామూలుదానిలోనూ ఆకులు పడతాయి గానీ, రోజూ వెళ్లే మనిషి కంట్లో పడకపోవు.

అయితే 60 మి.మీ. గంటలో కురిసిందా, రాత్రంతా కురిసిందా అంటే మామూలుది చెప్పలేదు.

బడికి, చిన్న రైతుకి మామూలుదే చాలు. వాగు పక్క ఊరికి, చెరువు కట్ట కాసేవాళ్లకి ఆటోమేటిక్ కావాలి; సరిచూడ్డానికి పక్కనే మామూలుది కూడా పెట్టుకోవాలి.