నాక్ గన్నా, లెమాటా? సినిమాలో అరుదైన తుపాకీ పెట్టాలంటే ఏది మేలు

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపూర్, బరంపురం వైపు షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్ళు ఈమధ్య కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతున్నారు: "మాస్టారూ, ఎవరూ వాడని తుపాకీ ఒకటి చెప్పండి. హీరో చేతిలో పెడితే జనం కళ్ళు తిప్పుకోకూడదు." ఏకే-47నీ, ఆరు తూటాల రివాల్వర్‌నీ చూసి చూసి వాళ్ళకి విసుగొచ్చింది. ఆ విసుగు నాకూ ఉంది. వాళ్ళ నోట ఎక్కువగా వినిపించే పేర్లు రెండు, నాక్ గన్, లెమాట్ రివాల్వర్. నా మాట ముఖ్యంగా ఆ రెండింటి గురించే.

నేను దేన్నిబట్టి తూస్తున్నానో ముందే చెబుతాను. ఆకారాన్నిబట్టి కాదు, అరుదైనదా కాదా అన్నదాన్నిబట్టీ కాదు. ఆ తుపాకీ పనిచేసే తీరు వల్ల కథలో ఏదైనా మారాలి. మారకపోతే దాని బదులు ఏ తుపాకీ పెట్టినా ఒకటే.

లెమాట్‌తో మొదలుపెడదాం. న్యూ ఆర్లీన్స్‌లో ఉండే లెమాట్ 1856లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. సిలిండర్‌లో తొమ్మిది గుళ్ళు పడతాయి. ఆ సిలిండర్ తిరిగే ఇరుసే ఇంకో లావుపాటి గొట్టం. అందులో చిన్న గుండ్లు దట్టించి ఒక్కసారిగా పేల్చవచ్చు. తూటాని కొట్టి పేల్చే హ్యామర్ కొసన ఉన్న చిన్న మీటను వేలితో జరిపితే దెబ్బ తొమ్మిది గుళ్ళ మీద పడాలో, కింది గొట్టం మీద పడాలో తేలుతుంది. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సేనాని జె.ఇ.బి. స్టూవర్ట్ లాంటివాళ్ళ దగ్గర ఇది ఉండేది. 2016లో మొదలైన 'వెస్ట్‌వరల్డ్' సిరీస్‌లో ఎడ్ హారిస్ నల్లబట్టల మనిషిగా దీన్నే పట్టుకున్నాడు, లోహపు తూటాలు పట్టేలా మార్చిన రూపంలో.

కథకి ఇది మంచి అవకాశం ఇస్తుంది. ఎదుటివాడు ఆరు పేలుళ్ళు లెక్కపెట్టుకుని ధైర్యంగా బయటికొస్తాడు, అప్పుడు ఏడోది పేలుతుంది. అయితే ఆ దెబ్బ ఒక్కసారే పనిచేస్తుంది. పైగా ఇందులో తొమ్మిది ఉంటాయని చూసేవాడికి ముందే ఏదో పాత్ర చేత చెప్పించాలి. చెప్పించామా, అందులో సగం రహస్యం పోయినట్టే.

నాక్ గన్‌కి ఆ ఇబ్బంది లేదు. ఏడు గొట్టాలు, మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు. చూడగానే అర్థమైపోతుంది. 1779లో జేమ్స్ విల్సన్ దీన్ని రూపొందించాడు. లండన్ తుపాకుల తయారీదారు హెన్రీ నాక్ బ్రిటిష్ నౌకాదళం కోసం తయారుచేశాడు. ఓడ తెరచాపల స్తంభాలెక్కి శత్రువు ఓడ మీదికి కాల్చాలన్నది ఆలోచన. ఒక్క చెకుముకి దెబ్బకి ఏడూ కలిసి పేలతాయి. పేలగానే తుపాకీ వెనక్కి తన్నే ఆ తన్నుకి కాల్చినవాడి భుజమే దెబ్బతినేది. నిప్పురవ్వలకి సొంత తెరచాపలే అంటుకుంటాయన్న భయం వేరే. అందుకే ఇది ఎక్కువ కాలం నిలవలేదు.

నౌకాదళానికి పనికిరానిది కథకి పనికొచ్చింది. 1960 నాటి 'ది అలమో'లో జిమ్ బౌవీ వేషం వేసిన రిచర్డ్ విడ్‌మార్క్ చేతిలో ఉన్నది ఇదే. 1993లో మొదలైన 'షార్ప్' టీవీ సినిమాల్లో సార్జెంట్ హార్పర్ భుజాన ఉన్నదీ ఇదే. ఆ పాత్ర వేసింది డరా ఓమాలీ. ఆ ఆజానుబాహువు చేతిలో అది ఉందంటే మిగతావాళ్ళు పట్టలేరు కాబట్టే అని అనిపిస్తుంది. అంటే తుపాకీ బరువూ తన్నూ మనిషి స్వభావాన్ని చెబుతున్నాయి. ఇక పేలిందంటే అంతే. ఏడు గొట్టాలకీ మళ్ళీ మందు పోసి, గుండు వేసి, దట్టించేలోపు యుద్ధం అయిపోతుంది. కర్ణుడి దగ్గరున్న ఇంద్రశక్తి లాంటిదిది. ఒక్కసారే వాడాలి, అది ఎవరి మీద వాడతాడన్నదే కథంతా. ఘటోత్కచుడి మీద పోయాక కర్ణుడికి మిగిలిందేమిటో మన నాటకాలు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. నా ఓటు నాక్ గన్‌కే.

మిగతావి కొన్ని అడుగుతారు. 'వాంటెడ్: డెడ్ ఆర్ అలైవ్'లో (1958–61) స్టీవ్ మెక్వీన్ నడుముకున్న మేర్స్ లెగ్ వించెస్టర్ 1892ని పొట్టిగా కోసింది. చూడ్డానికి గొప్పగా ఉంటుంది. కానీ బెల్టుకి గుచ్చిన తూటాలు పెద్దగా కనబడాలని .45-70 అనే పెద్ద సైజువి పెట్టారు. ఆ తుపాకీ పేల్చేది .44-40 అనే చిన్న సైజువి. బెల్టులోవి ఇందులో పట్టవు. వెబ్లీ-ఫాస్‌బరీ రివాల్వర్ చక్కని యంత్రం. పేలిన తన్నుకి పైభాగం వెనక్కి జరిగి, సిలిండర్ మీదున్న వంకరటింకర గాడి వల్ల తనంతట తాను తిరుగుతుంది. దీన్ని రూపొందించిన ఫాస్‌బరీ మన దేశంలోనే బెంగాల్ సైన్యంలో పనిచేసి విక్టోరియా క్రాస్ పొందిన అధికారి. 1974 నాటి 'జార్డోజ్'లో షాన్ కానరీ చేతిలో ఉంది కానీ ఆ కదలికను కథ వాడుకోలేదు. తూటాలు రాకెట్లలా దూసుకెళ్ళే గైరోజెట్ తుపాకీ 1967 బాండ్ సినిమా 'యూ ఓన్లీ లివ్ ట్వైస్'లో కాసేపు కనబడుతుంది, అంతే.

కుర్రాళ్ళకి నేను చెప్పే అసలు మాట ఇది. నాక్ గన్‌లో ఉన్న గుణం మన కొండల నాటు తుపాకీలోనే ఉంది. గజపతి, రాయగడ జిల్లాల పల్లెల్లో పెద్దవాళ్ళు దాన్ని ఎరుగుదురు. మందు పోయడం, పీచు కుక్కడం, రవ్వలు వేయడం, ఊచతో దట్టించడం, అన్నీ అయితేగాని పేలదు. అడివి పంది మీదికొస్తుంటే ఆ ఊచ ఎంత ఆలస్యంగా కదులుతుందో వాళ్ళకి తెలుసు. మన సినిమాల్లో అదే తుపాకీ వరసగా పేలుతుంటే ముందు నవ్వేది వాళ్ళే. ఏజెన్సీ కథ తీసేవాళ్ళు విదేశీ తుపాకీ జోలికి పోకుండా దీన్నే పెట్టండి. దట్టించే సమయాన్ని కత్తిరించకండి. ఆ చేతులే చూపించండి, నేపథ్య సంగీతం వద్దు.

తుపాకీని వడ్రంగి చేత టేకుతో చేయించుకుని గొట్టానికి నల్లరంగు వేస్తే సరిపోతుంది. అయితే చెక్కదైనా సరే బైకు మీద పట్టుకు తిరగకండి. కూంబింగ్ జరిగిన ప్రాంతాలివి, దూరం నుంచి చూసేవాడికి అది చెక్కో ఇనుమో తెలీదు. షూటింగ్ తేదీ, స్థలం రాసి పోలీస్ స్టేషన్లో ఒక కాగితం ఇవ్వండి. గుడ్డలో చుట్టి తీసుకెళ్ళండి, ఊరిపెద్దకి కూడా ముందురోజే చెప్పండి.